మొగిలన్న కట్టిన ముడి

ఇంకొకరు కట్టిన ముడి మొగిలన్న కంట పడకూడదు. పడిందా, విప్పి మళ్లీ కట్టాల్సిందే. అది లారీ మీది తాడే కానక్కర్లేదు. బర్రె మెడలో తలుగు కావచ్చు, బావి గిలక మీది చేంతాడు కావచ్చు, పసిపిల్ల ఉయ్యాల కావచ్చు. మా కంపెనీ యజమాని సీతారాంరావు దొర ధోవతి కట్టుకుని యార్డులోకి వస్తే, మొగిలన్న చూపు నేరుగా దొర నడుము దగ్గరికి పోయేది. దొర కండువా సర్దుకుంటున్నట్టు నటిస్తూ అటు తిరిగి నిలబడేవాడు.

విప్పడానికి ముందు ఆయన ఒక్క మాట అడిగేవాడు.

"ఎవడు కట్టిండ్రా గిది?"

మంచిర్యాలలో లారీల వాళ్లందరికీ ఆ మాట తెలుసు. ఎదురుగా ఎవరున్నా, ఎంత పెద్దవాళ్లున్నా ప్రశ్న మారదు. కట్టినవాడు "నేనే" అని ఒప్పుకుంటే, ఆ పూటంతా మా అందరి ముందూ వాడి పరువు తీసేవాడు.

అరవై రెండులో నేను ఆ కంపెనీలో డ్రైవర్‌గా చేరాను. అంతకుముందు కరీంనగర్‌లో ఒక వకీలు గారి కారు నడిపాను. అది సుఖమైన పని. వకీలు గారు వెనక సీట్లో తనంతట తనే కూర్చునేవారు, ఆయన్ని తాళ్లతో బిగించే అవసరం ఉండేది కాదు. ఇక్కడ నాకిచ్చింది మొండి లారీ. దానికి చుట్టూ పలకలుండవు. వెనక అంతా చదునైన బల్ల, పక్కన నాలుగు ఇనుప గుంజలు, అంతే. జన్నారం అడవుల నుంచి టేకు దుంగలు దాని మీద వేసుకుని మంచిర్యాల తేవాలి. దుంగను ఆపేది గుంజ కాదు, తాడు. తాడును ఆపేది ముడి. ఈ సంగతి నాకు నేర్పమని దొర నన్ను పాత డ్రైవర్ మొగిలన్నకు అప్పగించాడు.

మొదటిరోజు నేను చెమటోడ్చి ఒక ముడి వేశాను. మొగిలన్న వచ్చి, బీడీ పక్కకు పెట్టి, దాన్ని చాలాసేపు చూశాడు.

"ఎవడు కట్టిండ్రా గిది?"

"నేనే అన్నా."

"ఇంతకుముందు ఏం తోలినవ్?"

"వకీల్ సాబ్ కారు."

"గా వకీల్ ఇంక బతికే ఉన్నడా?"

"మంచిగున్నడన్నా."

"నువ్వు కట్టి తోలలే గద. గందుకే ఉన్నడు."

విప్పేశాడు, తను కట్టాడు. కట్టాక నన్ను స్టీరింగు దగ్గరికి పోనివ్వలేదు. "ఇయ్యాల నేను తోల్త. నువ్వు దుంగల మీద కూసో. గుంతల పడ్డప్పుడల్ల ఏ దుంగ కదుల్తదో జర చూడు" అన్నాడు. కొత్త డ్రైవర్లందరికీ ఆయన ఇచ్చే మొదటి పాఠం అదేనట. మంచిర్యాల చేరాక నన్ను కిందికి దింపడానికి ఇద్దరు హమాలీలు కావలసివచ్చింది.

"ఏది కదిలింది లింగా?" అని అడిగాడు.

"దుంగలన్ని మంచిగనే ఉన్నయన్నా. నా నడుమే కదిలింది."

"నడుము విప్పి కట్టుడు నాకు రాదు. దవాఖానకు పో."

యార్డు దాటితే ఆయనతో ఇంకా పెద్ద పరేషాన్. కంపెనీ లెక్కలు రాసే మునీం గారింట్లో పెళ్లి జరుగుతుంటే, జీలకర్ర బెల్లం వేళ పందిరి గుంజ దగ్గర తాడు వదులుగా కనిపించింది. "ఎవడు కట్టిండ్రా గిది?" అని విప్పాడు. మళ్లీ కట్టేలోపు సగం పందిరి డోలు వాళ్ల మీద కూలింది. అంతకన్నా పెద్ద గండం ముందుంది. పెళ్లికొడుకు పుస్తె కట్టేటప్పుడు నేనూ ఇంకో డ్రైవరూ మొగిలన్న రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డాం. మూడు ముళ్లు పడేదాకా ఆయన మెడ చాపి చూస్తూనే ఉన్నాడు.

"మూడోది వదులున్నది" అని మా చెవుల్లో గొణిగాడు.

"ఉండనీ అన్నా. ఆ పిల్ల సంసారం, ఆ పిల్లే బిగించుకుంటది" అని లాక్కొచ్చాం.

పాడెను కూడా వదల్లేదు. స్టేషను వెనక బజారులో ఒక ముసలాయన పోతే మేమంతా వెళ్లాం. డప్పులు మోగుతున్నాయి, నలుగురు భుజాలకెత్తుకున్నారు. ఉన్నట్టుండి మొగిలన్న దారికడ్డం నిలబడి "దించుండ్రి. ఎవడు కట్టిండ్రా గిది?" అన్నాడు. దించకపోతే కదలనిచ్చేలా లేడు. దించారు. నడిరోడ్డు మీద విప్పి, మొదటినుంచి కట్టాడు. ఎంత శ్రద్ధగా కట్టాడంటే, శ్మశానంలో ఆ ముళ్లు విప్పడానికి మళ్లీ ఆయన్నే పిలవాల్సివచ్చింది. చనిపోయినాయన కొడుకు కోపమో నవ్వో తెలియని మొహంతో "మా బాపును బతికున్నప్పుడు గూడ ఎవలు ఇంత మంచిగ అర్సుకోలే" అన్నాడు.

కంపెనీలో ఈ పిచ్చి ఒక కానూనుగా మారింది. సరుకు ఎవరు కట్టినా ఆఖరి ముడి మొగిలిది. ఆయన చెయ్యి పడకుండా లారీ డిపో దాటకూడదు. మాకు ఒళ్లు మండేది. లారీలు వరుసగా నిలబడేవి, ఆయన ఒక్కోదాని చుట్టూ తిరుగుతూ లాగి, విప్పి, తిట్టి, కట్టేవాడు. తడితాడు కట్టిన రోజైతే మరీ చాదస్తం. ఎండ కాయగానే దారిలో లారీ ఆపించి, కట్టిందంతా మళ్లీ కట్టించేవాడు. తడిసినప్పుడు బిగిసిన తాడు ఆరితే సాగుతుందట. మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం.

ఒకసారి నేను అడిగేశాను. "అన్నా, మేము కట్టింది మంచిగున్నా మల్ల ఎందుకు విప్పుతవు?"

"రేపు ఏదన్న ఐతే ఎవడు తోలిండని అడుగరు లింగా. ఎవడు కట్టిండని అడుగుతరు. గప్పుడు అందరు ఒక్కటే పేరు చెప్పాలె."

దాన్ని నేను గర్వమనుకున్నాను. తనను మించినవాడు లేడని చెప్పుకుంటున్నాడనుకున్నాను.

మా లారీల మీద లచ్చయ్య, రాజం అని ఇద్దరు అన్నదమ్ములు హమాలీలుగా ఉండేవాళ్లు. లక్సెట్టిపేట ఇవతల, రోడ్డు పక్కనే వాళ్ల ఊరు. తండ్రి లేడు. తల్లి బాలవ్వ మక్కచేను చేసుకుంటూ ఇద్దర్నీ పెంచింది. రాజం చిన్నవాడు, దుంగ మోస్తూ కూడా పాటలు పాడేవాడు. లచ్చయ్యది ఎడమచేతివాటం. అన్నం తినడం తప్ప అన్నీ ఆ చేత్తోనే. మొగిలన్నకు అతని ముడి చూస్తే తలనొప్పి వచ్చేది. "నీది అద్దంల కట్టినట్టు ఉంటదిరా లచ్చా. విప్పుదమంటే నా చేతులే తిరగవడుతున్నయి" అని తిట్టేవాడు. లచ్చయ్య నవ్వేవాడు. రాజం వెనక నుంచి ఆ తిట్లకు రాగం కట్టేవాడు.

నేను చేరిన కొన్నేళ్లకు, వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో మొగిలన్నకు చలిజ్వరం పట్టుకుంది. జన్నారం డిపోలో లారీ కింద గొంగడి కప్పుకుని, పళ్లు టకటక కొట్టుకుంటూ పడుకున్నాడు. పొద్దుటినుంచి జడివాన. మునీం చుట్టిల్లులోంచి బయటికి రాకుండానే "ఎక్కించుండ్రి, కట్టుండ్రి, పోండ్రి, మంచిర్యాలల సరుకు కోసం కూసున్నరు" అని కేకలేస్తున్నాడు. అన్నదమ్ములిద్దరూ తడుస్తూ దుంగలెక్కించారు. లచ్చయ్య తాళ్లు బిగించి, చివరి ముడి తనే వేశాడు. నానిన తాడు ఇనుప కడ్డీలా బిగిసింది. మేం మొగిలన్నను ఎత్తి నా పక్కన కూర్చోబెట్టాం. ఆయనకు కళ్లు తెరిచే ఓపిక కూడా లేదు. ఆ రోజు ఆఖరి ముడి లేకుండానే లారీ కదిలింది.

దారిలో ఒక వాగు దాటాక నేను ఆపాను. లచ్చయ్య దిగి తాళ్లన్నీ లాగి చూశాడు.

"రాయి లెక్కున్నయి. పోనీ లింగా" అన్నాడు. రాయిలాగే ఉన్నాయి, నేనూ దిగి పట్టుకుని చూశాను. అప్పటికింకా తుంపర పడుతోంది.

తర్వాత ఎండ వచ్చింది. వాన తర్వాత వచ్చే ఎండ, చురుక్కుమనేది. వెనక దుంగల మీద రాజం పాట మొదలుపెట్టాడు. వాళ్ల ఊరు దగ్గరపడుతోందంటే వాడికి ఉషారు. ఊరి ముందర రోడ్డు కిందికి దిగి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో లారీ ఒక్కసారి తేలికైనట్టు నా చేతులకు తెలిసింది. పాట ఆగిపోయింది.

నేను దిగి పరిగెత్తేసరికి పెద్ద దుంగ రోడ్డు మీద ఉంది. రాజం దాని కింద ఉన్నాడు. చేసేదేమీ లేదని చూడగానే తెలిసింది. లచ్చయ్య పక్కన నిలబడి తన ఎడమచెయ్యి చూసుకుంటున్నాడు.

"నేనే కట్టిన లింగా. నా చేతులతోనే కట్టిన" అన్నాడు. తర్వాత చాలా మామూలుగా, దారి అడిగినట్టు అడిగాడు. "గంగ ఎంత దూరమున్నది ఈడికెల్లి?"

మా వైపు గోదావరిని గంగ అంటారు. అది అక్కడికి దగ్గరే. నేను అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నాకు భయమేసింది. తమ్ముడు ఎలాగూ పోయాడు, అన్న కూడా ఈ పూటే పోతాడని, ఆ తల్లికి ఇంట్లో ఎవరూ మిగలరని భయమేసింది.

అప్పుడు మొగిలన్న తలుపు పట్టుకుని కిందికి జారాడు. తూలుకుంటూ వచ్చి రాజాన్ని చూశాడు. తన గొంగడి తీసి వాడికి కప్పాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. వెనక్కి తిరిగి లారీ దగ్గరికి పోయి, కొక్కేనికి ఇంకా వేలాడుతున్న ముడి పట్టుకున్నాడు. తాడు తెగలేదు, ముడి వీడలేదు, ఆరి సాగిందంతే. ఆయన ఆ ముడి విప్పడం మొదలుపెట్టాడు.

నా జన్మలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"ఉస్తాద్! మనిషి సచ్చి పడున్నడు. గీ పిచ్చి ఇప్పుడు గూడనా?"

ఆయన వినిపించుకోలేదు. జ్వరానికి వేళ్లు వణుకుతున్నాయి, ముడి లొంగడం లేదు. చివరికి పళ్లతో లాగుతున్నాడు. అది చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. అటు మక్కచేలలోంచి కలుపు తీసే ఆడవాళ్లు పరిగెత్తుకొస్తున్నారు. అందరికన్నా ముందు బాలవ్వ. లారీ దాకా వచ్చి ఆమె ఎందుకో ఒక్క క్షణం ఆగింది. ముడి విడిపోయి తాడు కింద పడింది. ఆమె వెళ్లి కొడుకు మీద పడింది.

ఎంతసేపటికో తల ఎత్తి అందర్నీ చూసింది.

"ఎవడు కట్టిండు?" అంది. "నా కొడుకు మీద దుంగ పడేటట్టు ఎవడు కట్టిండు?"

అన్నేళ్లుగా మేం నవ్వుకున్న మాట ఆమె నోట్లోంచి వచ్చింది. లచ్చయ్య నోరు తెరిచాడు.

"నేను కట్టిన అవ్వా" అన్నాడు మొగిలన్న. "మా కంపెనీల ఆఖరి ముడి నాది. ఎవలనన్న అడుగు."

అడగాల్సిన పని లేదు. ఆ ఊళ్లో ప్రతి బర్రెనూ ఆయన ఏదో ఒకనాడు విప్పి కట్టినవాడే. పోలీసులొచ్చారు, వాళ్లకూ అదే జవాబు. సీతారాంరావు దొర కూడా వెంటనే నమ్మాడు. "ముళ్ల పిచ్చోడు ఒకనాడు గింత పని జేస్తడని నాకెరుకే" అన్నాడు. పందిరి కూలినప్పుడు నవ్విన జనమే ఇప్పుడు ఉమ్మేశారు. లచ్చయ్య ఏదో చెప్పబోతే మొగిలన్న అతని భుజం పట్టుకుని "ముందు మీ అవ్వను లేపు" అన్నాడు.

పోలీస్ స్టేషన్‌లో కూర్చున్నప్పుడు నేను అడిగాను. "అన్నా, నువ్వు కండ్లు తెరువలేని జ్వరంల ఉంటివి. ఎప్పుడు కట్టినవ్?"

"ఆఖరి ముడి ఎవనిది?"

"నీది."

"మరి? మల్ల అడుగకు."

నేను మళ్లీ అడగలేదు. ఆయనకు కొన్ని నెలలు జైలు పడింది, లైసెన్సు పోయింది. తిరిగొచ్చాక దొర గేటు లోపలికి రానివ్వలేదు. మొగిలన్న గూడ్స్ షెడ్డులో మూటలు మోస్తూ, జన్నారం రోడ్డు మొదట్లో ఒక గుడిసె వేసుకున్నాడు. ఒకరోజు నేను మంచెలకు వాసాలు వేసుకుని పోతూ ఆ గుడిసె ముందు లారీ ఆపి హారన్ కొట్టాను. ఆయన బయటికొచ్చాడు. చుట్టూ తిరిగాడు. నా ముడి లాగి చూశాడు. నేను ఎదురుచూస్తున్నాను. ఆయన అడగడం లేదు. 

"అడుగన్నా" అన్నాను. "నువ్వు అడుగకుంటె నాకు తోల బుద్ధిగాదు."

"ఎవడు కట్టిండ్రా గిది?" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత గొంతు పెరిగింది. "ఎవడు కట్టిండ్రా గిది? వకీల్ బతికే ఉన్నడా?"

నాకు కళ్లనీళ్లొచ్చాయి, నవ్వూ వచ్చింది. కొద్దిరోజుల్లోనే కంపెనీ డ్రైవర్లందరూ దొరకు తెలియకుండా అక్కడ ఆగడం అలవాటు చేసుకున్నారు.

ఆయన బాలవ్వ ఊరికి కూడా పోయేవాడు. ఏదో ఒక లారీ ఎక్కి దిగేవాడు. ఆయన కనబడగానే ఆమె వాకిట్లో నిలబడి శాపనార్థాలు మొదలుపెట్టేది. "నీ చేతులు ఇరగ, నీ తాళ్లు కాల, నా కొడుకును మింగినోడా" అని వాడంతా వినబడేలా తిట్టేది. ఆయన తలవంచుకుని అవన్నీ పడుతూ, దూడ తలుగు, బీరపాదు పందిరి, మంచం నులక అన్నీ విప్పి బిగించేవాడు. పని అయ్యాక ఎవరూ పిలవకుండానే వచ్చినట్టు ఎవరూ పంపకుండానే పోయేవాడు. లచ్చయ్య మొదట్లో చేను వైపు వెళ్లిపోయేవాడు. తర్వాత్తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. హమాలీ పని మానేశాడు గానీ మనిషి నిలబడ్డాడు. పెళ్లయింది, పిల్లలు కలిగారు. గంగ వైపు పోలేదు.

ఏళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఇంజన్ వేడెక్కితే నీళ్ల కోసం బాలవ్వ వాకిట్లోకి పోయాను. ఆమె దూడ దగ్గర వంగి తలుగు వదులు చేస్తోంది. అప్పటికే బీర పందిరి ఒక మూల ఒరిగి ఉంది. మంచం నులక జారి ఉయ్యాలలా వేలాడుతోంది.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?"

"కనబడ్తలేదా? విప్పుతున్న."

"మొగిలన్న మొన్ననే గట్టిగ కట్టి పోయిండు గద."

"గందుకే విప్పుతున్న. ఇయ్యాలనో రేపో మల్ల వస్తడు. అన్ని గట్టిగుంటె ఏం జేస్తడు? ఉత్తగ కూసుంటడు. ఉత్తగ కూసున్నోన్ని ఎట్ల తిట్టాలె బిడ్డా? నోరు రాదు."

నేను ఉండబట్టలేక అన్నాను. "గిన్నేండ్లాయె, ఇంక తిట్టుడెందుకవ్వా? ఆయన..."

ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. చేను వైపు చూసింది. లచ్చయ్య దూరంగా నాగలి దగ్గర ఉన్నాడు. అప్పుడు గొంతు తగ్గించింది.

"లచ్చడు తలుగు కట్టుడు నేర్సుకున్నది గీ గుంజ కాడనే, నా దగ్గరనే. ఎడమచేతి ముడి. నా కొడుకు ముడి నేను పోల్చుకోనా? నేను ఉరికచ్చెటాల్లకు గా పిచ్చోడు పండ్లతోని విప్పుతుండె. పోలీసోల్లు రాకముందే, ఊరు చూడకముందే విప్పుతుండె. ఆయన విప్పెదాక ఆగిన. అటెన్కనే అడిగిన, ఎవడు కట్టిండని."

 ఆ రోజు లారీ దగ్గర ఆమె ఆగిన క్షణం నాకు గుర్తొచ్చింది.

"మరి మొగిలన్నకు తెల్సా, నీకెరుకని?"

"తెల్వదు. తెలిస్తె లచ్చనికి తెల్తది. నా కొడుకు బతికున్నడంటె, నాకేం తెల్వదనిపించే గీ తిట్ల మీదనే బిడ్డా. నేను ఒక్కనాడు ఆపితె, ఎందుకాపినవని అడుగుతడు."

రోడ్డు మీద ఏదో లారీ ఆగిన చప్పుడైంది. బాలవ్వ చటుక్కున లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుంది. మొగిలన్న వాకిట్లోకి వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, నడుము వంగింది. రావడం రావడమే ఆయన చూపు దూడ మెడ మీద పడింది.

"ఎవడు కట్టిండ్రా గిది?"

"నీ చేతులు ఇరగ! నీ కండ్లు పోను! మల్లచ్చినవా నా కొంప మీదికి?" అని బాలవ్వ వాడ దద్దరిల్లేలా అందుకుంది. ఈసారి ఆ తిట్లు నాకు వేరేగా వినిపించాయి. అలసి వచ్చిన మనిషిని కూర్చోమన్నట్టున్నాయి.

మొగిలన్న తృప్తిగా గొంతుక్కూర్చుని తలుగు కోసం చెయ్యి చాపాడు. "చూసినవా లింగా, నేను కట్టినంక గూడ వదులైంది. నేను రాకపోతె ఈ ముసల్దాని దూడ ఏ అడివిలనో ఉండు" అన్నాడు.

"అవునన్నా" అన్నాను.

తలుగు ఎప్పుడో జారి నేల మీద పడి ఉంది. దూడ మాత్రం ఎటూ పోకుండా, ఆయన కట్టేదాకా మెడ చాపి నిలబడింది.